పూత నిలవాలంటే ఎవరు రావాలి?

పోయిన వానాకాలం మా పెరటి సొరపాదు పందిరంతా కమ్మేసింది. ఆకులు చేటలంత, తీగలు వేలంత లావు. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. పిందె కనిపించిన మూడు నాలుగు రోజులకే పసుపుబారి, కొస కుళ్లి రాలిపోయేది. ఎరువు చాల్లేదన్నారు ఒకరు. దిష్టి అన్నారు ఇంకొకరు. మందుల కొట్టులో అడిగితే ఏదో డబ్బా చేతిలో పెట్టారు. మా అమ్మ ఆ డబ్బా మూత కూడా తియ్యనివ్వలేదు. "రాత్రి ఏడింటికి పందిరి కిందికి రా, చూపిస్తా" అంది.

ఆ వేళకు తెల్లటి పూలు విచ్చుకుని ఉన్నాయి. పొడుగాటి కాడ మీద నిలబడినవి పోతు పూలు. రేకుల వెనక చిటికెన వేలంత నూగు పిందెతో పుట్టేవి పెంటి పూలు. అమ్మ ఒక పోతు పువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, నడిమి పుప్పొడి భాగాన్ని పెంటి పువ్వు మధ్యలో రెండుసార్లు మెల్లగా తాకించింది. అలా నాలుగు పూలకు చేసి, గుర్తుకు ఎర్ర దారం కట్టింది. వారం తిరిగేసరికి దారం కట్టినవాటిలో మూడు ఊరి, బరువుకు కిందికి వాలాయి. దారం లేనివన్నీ ఎప్పటిలాగే రాలిపోయాయి.

అంటే నేల బాగానే ఉంది, ఎరువు బాగానే ఉంది. రావలసిన అతిథులే రాలేదు. సొర చీకటి పడ్డాక పూసే పాదు. ఆ తెలుపు, ఆ సన్నటి వాసన రాత్రిపూట తిరిగే చిమ్మటల కోసం. మా పందిరికి సరిగ్గా ఎదురుగా ఆ ఏడాదే వీధి స్తంభానికి పెద్ద తెల్ల లైటు బిగించారు. స్విట్జర్లాండ్‌లో పచ్చిక బయళ్ల మీద ఇలాంటి దీపాలు పెట్టి చూసిన శాస్త్రవేత్తలు 2017లో తేల్చిన లెక్క ఒకటుంది: వెలుగు పడ్డ చోట రాత్రి పూలకు వచ్చే పురుగుల రాకపోకలు 62 శాతం తగ్గాయి. అది చదివాక మా సొరపాదు సంగతి నాకు కొత్తగా అర్థమైంది. పూత, పిందె, కాత అని మనం మూడు మాటలు వరసగా అనేస్తాం. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఎవరో ఒకరు వచ్చి వెళ్లాలి. ఆ వచ్చేవాళ్ల గురించే ఈ వ్యాసం.

గింజ ఉన్నవైపే కండ

పువ్వులో పుప్పొడి పుట్టే చోటు ఒకటి, దాన్ని అందుకునే చోటు ఒకటి. అందుకునే చోటును కీలాగ్రం అంటాం. పండిన కీలాగ్రం జిగురుగా ఉంటుంది. దాని మీద పుప్పొడి రేణువు పడితే మొలకెత్తుతుంది, నిజంగానే విత్తనంలా. సన్నటి గొట్టం ఒకటి లోపలికి సాగి, అండాశయంలో ఒక అండాన్ని చేరి కలుస్తుంది. ఆ అండం గింజ అవుతుంది. ఒక గింజకు ఒక రేణువు. పుచ్చకాయలో ఎన్ని వందల గింజలున్నాయో అన్ని వందల రేణువులైనా ఆ పువ్వు మీద పడి ఉండాలి. ఒక తేనెటీగ ఒకసారి వాలితే అది తీరదు. మళ్లీ మళ్లీ రావాలి, ఆ పువ్వు వాడిపోయేలోపే రావాలి.

ఊరుతున్న గింజ చుట్టూ ఉన్న కండకు పెరగమని కబురు పంపుతుంది. ఆ కబురు హార్మోన్ల రూపంలో వెళ్తుంది. ఒక పక్క గింజలు పట్టి, ఇంకో పక్క పట్టకపోతే కాయ ఒకవైపే ఉబ్బి, రెండో వైపు సన్నగా ఉండిపోతుంది. నడుము వంగిన దోసకాయ, ఒక చెంప లొట్టపోయిన పుచ్చకాయ సంతలో చవగ్గా పోతాయి. రైతు విత్తనాన్ని తిడతాడు. చాలాసార్లు అక్కడ తక్కువైంది పుప్పొడి. పొద్దుతిరుగుడులో ఇదే లోపం తాలు రూపంలో కనిపిస్తుంది. పువ్వు చూడ్డానికి పళ్లెమంత ఉంటుంది, నడిమి గింజలు నొక్కితే లోపల ఏమీ ఉండదు.

అన్నం మిగులుతుంది, చుట్టూ ఉన్నవే పోతాయి

తేనెటీగలు పోతే నాలుగేళ్లలో మనిషి జాతి అంతరిస్తుందని ఐన్‌స్టీన్ అన్నాడంటూ ఒక మాట ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఆయన రాతల్లోగానీ ప్రసంగాల్లోగానీ ఆ మాట ఎక్కడా దొరకలేదు. పైగా అది నిజమూ కాదు. ఈ విషయం మీద ప్రేమ ఉన్నవాళ్లే ఇలాంటి మాటలు ప్రచారం చేయడం నాకు బాధగా ఉంటుంది. ఒకసారి అబద్ధమని తేలితే దాని వెనకున్న అసలు నిజం కూడా కొట్టుకుపోతుంది.

అసలు లెక్క ఇది. వరి పువ్వు తన పుప్పొడితోనే తను గింజ కడుతుంది. మొక్కజొన్న, సజ్జ పుప్పొడిని గాలికి వదులుతాయి. గోధుమ వరిలాంటిదే. కాబట్టి పురుగులన్నీ పోయినా కడుపు నింపే గింజ ఉంటుంది. ప్రపంచంలో ముఖ్యమైన 115 ఆహార పంటలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, 87 పంటలకు ఎంతో కొంత జంతువుల సాయం కావాలని తేలింది. కానీ బరువులో చూస్తే ఆ పంటలు ఇచ్చేది మొత్తం ఉత్పత్తిలో 35 శాతమే. ఈ రెండు అంకెల్లో ఒక్కదాన్నే పట్టుకుంటే దారి తప్పుతాం. మొదటిదాన్నే చెప్తే ప్రళయం, రెండోదాన్నే చెప్తే ఏమీ కాదన్న ధీమా.

విస్తరి ముందు కూర్చున్నట్టు ఊహించుకోండి. అన్నం ఉంటుంది. దాని చుట్టూ వడ్డించినవి ఒక్కొక్కటే మాయమవుతాయి. గుమ్మడికాయ పులుసు పోతుంది. బీరకాయ పచ్చడి పోతుంది. మామిడికాయ పప్పులో మామిడి పోతుంది. నువ్వుల పొడి, పొద్దుతిరుగుడు నూనె తగ్గిపోతాయి. ఉల్లిగడ్డ ఊరడానికి ఏ పురుగూ అక్కర్లేదు గానీ వచ్చే ఏడు వేయాల్సిన ఉల్లి విత్తనానికి ఈగలూ తేనెటీగలూ కావాలి. ఏ, సి విటమిన్లు మన ఒంటికి ఎక్కువగా చేరేది ఈ పక్కన పెట్టినవాటితోనే. ఆకలి తీరినా ఆరోగ్యం నిలవని భోజనం అది.

అడవి మొక్కల్లో ఆధారం ఇంకా ఎక్కువ. 2011లో వేసిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలోని పూల మొక్కల్లో 87.5 శాతం జాతులు ఏదో ఒక ప్రాణి మీద ఆధారపడ్డవే. వాటికి గాలి పనికిరాదు, మనిషి చెయ్యీ అందదు.

ఒక్కో పువ్వుకు ఒక్కో తాళం

పరాగ సంపర్కం అనగానే పాఠ్యపుస్తకంలోని తేనెటీగ బొమ్మే గుర్తొస్తుంది. ఆ బొమ్మ తప్పు కాదు గానీ చాలా చిన్నది. లోకంలో తేనెటీగల కుటుంబానికి చెందిన జాతులే దాదాపు 20,000. వాటిలో తేనె కూడబెట్టి పట్టు కట్టేవి చాలా తక్కువ. మిగిలినవి ఒంటరిగా బతుకుతాయి, ఎక్కువ శాతం నేలలోనే బొరియ చేసుకుంటాయి. ఈగలు, పెంకు పురుగులు, చిమ్మటలు, సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు, గబ్బిలాలు వీటికి అదనం. ఇప్ప చెట్టు రాత్రిళ్లు గబ్బిలాలకు తియ్యటి పూలతో విందు పెడుతుంది. మోదుగ ఎండాకాలం ముందు ఎర్రగా మండి తేనెపిట్టలను పిలుస్తుంది.

ఇంతమంది ఎందుకో తెలియాలంటే వంగపువ్వును ఒకసారి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. ఊదా రేకుల మధ్య పసుపుపచ్చ గొట్టాలు గుత్తిగా నిలబడి ఉంటాయి. పుప్పొడి వాటి లోపల ఉంది. మిగతా పూలలోలాగా ఆ గొట్టాలు నిలువునా చీలవు, కొసన మాత్రం సూదిమొనంత రంధ్రం ఉంటుంది. మిరియాల పొడి డబ్బా అనుకోండి: ఊపితేనే రాలుతుంది. ఇక్కడికి గండు తుమ్మెద వస్తుంది. గొట్టాలను కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం బిగించి అదిలిస్తుంది. అంతవరకు ఒక శ్రుతిలో ఉన్న ఝంకారం ఒక్కసారిగా సన్నబడి, పదునెక్కుతుంది. నిశ్శబ్దంగా ఉన్న తోటలో పది అడుగుల దూరానికి వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీద పొడిలా రాలుతుంది. ఈ విద్య తేనెటీగకు రాదు. వంగతోట పక్కన ఎన్ని తేనెపెట్టెలు పెట్టినా ఆ డబ్బా మూత అవి తీయలేవు. గాలి ఊపుకు కొంత పుప్పొడి రాలి కొన్ని కాయలు పడతాయి కానీ, తుమ్మెద తిరిగిన తోట కాత వేరు.

తంగేడుదీ ఇదే పద్ధతి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. దానిలో తేనె బొట్టు కూడా ఉండదు. కేసరాలు రెండు రకాలు: పొట్టివి తుమ్మెద తినడానికి పుప్పొడి ఇస్తాయి. పొడుగ్గా వంగినవి, అది తింటూ అదిలిస్తున్నప్పుడు దాని ఒంటి మీద పుప్పొడి చల్లుతాయి. భోజనం పెట్టే చెయ్యి ఒకటి, ఉత్తరం అందించే చెయ్యి ఇంకొకటి. ఇళ్ల వాసాలకు, వెదుళ్లకు గుండ్రటి తొర్రలు చేస్తుందని గండు తుమ్మెదను చంపేస్తుంటాం. దానికి కావలసింది గూటికి ఒక ఎండు కట్టె ముక్క.

మేడిపండు సంగతి ఇంకా లోతైనది. పొట్ట విప్పితే పురుగులుంటాయని దాన్ని బయట మెరుగు, లోపల మురికి అనడానికి ఉదాహరణగా వాడతాం. నిజానికి మేడిపండు అనేది లోపలికి ముడుచుకున్న పూగుత్తి. వందల పూలు దాని కడుపులోనే పూస్తాయి. ఆ పురుగులు దాని పరాగవాహకులు. గింజంత కూడా లేని ఆడ కందిరీగ, కాయ కొసనున్న సన్నటి కన్నం గుండా దూరుతుంది. దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి జతకట్టి, బయటికి దారి తొలిచి, ఆ చీకట్లోనే ముగిసిపోతాయి. ఆ దారిన కొత్త తరం ఆడ కందిరీగలు పుప్పొడితో ఎగిరి ఇంకో మేడిచెట్టును వెతుక్కుంటాయి. మర్రికి, రావికి, జువ్వికి దేని కందిరీగ దానికే ఉంది. ఆ పురుగు లేకపోతే మేడిగింజ లేదు. వేమన మేడిపండు పద్యం మనకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు, ఈ సంగతి కూడా దానితో పాటే పిల్లలకు చెప్పాలనిపిస్తుంది.

ఇక ఆయిల్ పామ్. ఏలూరు, ఖమ్మం వైపు వెళ్తే దారి పొడుగునా కనిపించే తోటలవి. పెదవేగిలో ఆ పంటకు జాతీయ పరిశోధన సంస్థే ఉంది. చాలాకాలం ఈ చెట్టుకు గాలే సరిపోతుందని నమ్మారు. మలేసియా తోటల్లో మాత్రం గెలలు సరిగ్గా నిండేవి కావు. కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవారు. పాకిస్తాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రహ్మాన్ సయ్యద్ ఆ చెట్టు పుట్టిల్లయిన కామెరూన్ వెళ్లి చూస్తే, అక్కడ పూగెలల నిండా మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కు పురుగులు ముసురుతున్నాయి. 1981లో వాటిని మలేసియాలో వదిలారు. గెలలు నిండాయి, చేత్తో చల్లే పని మానేశారు. మన దేశానికి ఆ పురుగు 1985లో కేరళ దారిన వచ్చింది.

అది చేసే పని వెనక ఒక తియ్యటి మోసం ఉంది. పోతు పూగెల సోంపులాంటి వాసన వదులుతుంది. పురుగు అక్కడే తింటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, ఒంటినిండా పుప్పొడి పూసుకుంటుంది. పెంటి పూగెల కూడా అదే వాసన కాసేపు వదిలి ఆపుతుంది, మళ్లీ వదులుతుంది. పురుగు పరుగెత్తుకొస్తుంది. అక్కడ తినడానికి ఏమీ ఉండదు. తిరిగి పోయేలోపు ఒంటి పుప్పొడి అక్కడ రాలిపోతుంది. రైతుకు ఇందులో ఒక పాఠం ఉంది: ఎండిన పోతు గెలల్లోనే దాని పిల్లలు పెరుగుతాయి. శుభ్రం పేరుతో వాటన్నిటినీ కోసి తగలబెడితే రేపు గెల నింపేవాళ్లు ఉండరు.

మామిడికి ప్రధానంగా ఈగలు. ఇంట్లో విసిరి కొట్టే ఈగలు, వాటి చుట్టాలు. మామిడి పూగుత్తిలో వేల పూలుంటాయి, నూటికి ఒక్కటి కూడా కాయగా మిగలదు. పూత మీద తేనెమంచు పురుగు కనిపించగానే పంపు భుజానికెత్తుకుంటాం. తేనెమంచు నిజంగానే పూతను మాడ్చేస్తుంది, మందు వద్దని నేను అనను. పూలు విచ్చుకోకముందు కొట్టిన మందు పురుగును చంపుతుంది. నిండు పూతలో కొట్టిన మందు ఈగను కూడా చంపుతుంది. సీతాఫలం పువ్వు మొదట ఆడదిగా ఉండి, తర్వాత మగదిగా మారుతుంది. దాని దళసరి రేకుల సందుల్లో దూరే నల్లటి బుల్లి పెంకు పురుగులే పుప్పొడి మోసేవి.

సీతాకోకచిలుక చేసే పని

ఇప్పుడు అందరికీ ఇష్టమైనదాని దగ్గరికి వద్దాం. నిజం చెప్పాలంటే, ఒక్కో రాకకు పువ్వు మీద రాలే పుప్పొడి లెక్కన సీతాకోకచిలుక తేనెటీగతో పోటీ పడలేదు. కారణం దాని ఒంటి తీరులోనే ఉంది. తేనెటీగ పిల్లల కోసం పుప్పొడి మోసుకుపోవాలి కాబట్టి ఒళ్లంతా నూగు, వెనక కాళ్లకు బుట్టలు. సీతాకోకచిలుకకు పుప్పొడితో పనే లేదు. చుట్ట చుట్టిన పొడుగాటి గొట్టం చాపి, సన్నటి కాళ్ల మీద పువ్వుకు ఎత్తుగా నిలబడి, తేనె మాత్రం పీల్చుకుంటుంది. పుప్పొడి దాని ముఖానికి, గొట్టానికి, కాళ్లకు కాస్త కాస్త అంటుతుంది.

మరి దాని గొప్ప ఎక్కడుంది? దూరంలో ఉంది. తేనెటీగ ఒక చెట్టు మీదో, ఒక మడిలోనో గంటలకొద్దీ పని చేస్తుంది. సీతాకోకచిలుక రెండు గుటకలు తాగి, కంచె దాటి, గుట్ట దాటి ఎక్కడో వాలుతుంది. చెల్లాచెదురుగా నాలుగు మొక్కలుగా మిగిలిన అడవి పువ్వుకు ఆ దూరమే ప్రాణం. పక్క మొక్క పుప్పొడి అంటే దాదాపు సొంత చుట్టం పుప్పొడే. గుట్ట అవతలి పుప్పొడి కొత్త రక్తం. బిళ్లగన్నేరు సన్నటి గొట్టం అడుగున తేనె దాచుకునేది ఇలాంటి పొడుగు గొట్టం ఉన్నవాళ్ల కోసమే.

దీనికి అన్నిటికంటే అందమైన ఉదాహరణ అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. తొలకరి తర్వాత కంచెల మీదికి, పొదల మీదికి పాకి, ఆకు కొసలనే మీసాల్లా చుట్టి పట్టుకుంటుంది. పువ్వు కిందికి వేలాడుతుంది. రేకులు వెనక్కి ఎగదన్ని మంటలా నిలుస్తాయి, అడుగున పసుపు, కొసన ఎరుపు. ఆరు కేసరాలు బండి చక్రం ఆకుల్లా నాలుగు పక్కలకు చాచుకుంటాయి. కీలం, అంటే కీలాగ్రాన్ని మోసే కాడ, మధ్యలోంచి తిన్నగా కిందికి దిగకుండా, మొదట్లోనే పక్కకు ఠక్కున వంగిపోతుంది. ఈ వింత ఆకారం ఎందుకంటే, ఆ పుప్పొడి అంటాల్సింది ముఖానికి కాదు, రెక్కలకు. రేకు మొదట్లో ఉన్న తేనె కోసం పెద్ద సీతాకోకచిలుక కేసరాల మధ్య రెక్కలాడిస్తూ నిలుస్తుంది. ఆ రెక్కలు కేసరాల కొసలను తుడుస్తాయి. తర్వాతి పువ్వులో అవే రెక్కలు పక్కకు వంగిన కీలాగ్రాన్ని తాకుతాయి. రెక్కల మీద పుప్పొడి మోసే ఈ తీరును పరిశోధకులు దక్షిణాఫ్రికాలో దగ్గరగా గమనించారు.

ఈ మొక్క తమిళనాడు రాష్ట్ర పుష్పం. అక్కడ పంటగా కూడా పండిస్తారు. దాని గింజల నుంచి కాల్చిసిన్ తీస్తారు, గౌట్ అనే కీళ్ల జబ్బుకు అది మందు. మొక్క మొత్తం విషం కాబట్టి పిల్లలను ముట్టుకోనివ్వకండి. ఎకరాల కొద్దీ ఒకే పంట వేసిన చోట ఇన్ని పూలకు చాలినన్ని రెక్కలు రావు. అందుకని కూలీలు పొద్దున్నే వచ్చి, పుల్లతో పుప్పొడి తీసి పువ్వు పువ్వుకూ అంటిస్తారు. కంచె మీద ఊరికే జరిగే పనికి అక్కడ రోజు కూలి ఇవ్వాల్సి వస్తోంది.

పంట పొలంలో సీతాకోకచిలుకలను లెక్కలోకి తీసుకోవడం ఈమధ్యే మొదలైంది. అమెరికాలోని టెక్సాస్ పత్తి చేలలో తేనెటీగలను, ఈగలను, సీతాకోకచిలుకలను విడివిడిగా గమనించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. తేనెటీగలు వెళ్లని పూలకు, వెళ్లని వేళల్లో మిగతా రెండూ వెళ్తున్నాయి. పత్తి సొంత పుప్పొడితో కాయ కట్టగలిగిన పంటే. అయినా ఈగలూ సీతాకోకచిలుకలూ కలిపి అక్కడి పత్తికి ఏటా 12 కోట్ల డాలర్ల విలువ జోడిస్తున్నాయని వాళ్లు లెక్కగట్టారు. ఒకరు వదిలేసిన మూల ఇంకొకరు ఊడ్చినట్టు.

సీతాకోకచిలుకకు ఇంకో షరతు ఉంది. దానికి రెండు రకాల మొక్కలు కావాలి: తను తాగడానికి పూలు, పిల్లలు తినడానికి ఆకులు. ఆ ఆకులు ఏవంటే అవి కావు. నిమ్మ మొక్క మీదా కరివేపాకు మీదా పిట్టరెట్టలా నలుపు తెలుపుగా అతుక్కుని కనిపించే పురుగు, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారే పురుగు, నలుపు పసుపు రెక్కల నిమ్మ సీతాకోకచిలుక బిడ్డ. నారింజ రెక్కలకు నల్ల అంచున్నది జిల్లేడు ఆకు మీద గుడ్లు పెడుతుంది. పసుపు, లేత ఆకుపచ్చ రంగుల్లో గుంపులుగా తిరిగేవి తంగేడు జాతి మొక్కల మీద. రథసప్తమికి నెత్తిన పెట్టుకోవడానికి జిల్లేడాకు వెతుక్కుంటూ పోతాం కదా, ఆ చెట్టుకు పరాగ సంపర్కం చేసేది మళ్లీ గండు తుమ్మెదే. ఆకు ఒకరికి, పువ్వు ఒకరికి. ఈ మొక్కలన్నీ పెరిగేది గట్ల మీద, బీళ్లలో, కాలవ ఒడ్డున. గట్ల మీద గడ్డిమందు కొట్టి నున్నగా చేసిన ఊళ్లో సీతాకోకచిలుకలు కనిపించకపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. చంపింది పెద్దవాటిని కాదు, పిల్లల కంచంలో అన్నం తీసేశాం.

చేత్తో చేస్తే ఎంతవుతుంది?

ఒక పురుగు చేసే పని విలువ తెలియాలంటే గద్వాల వైపు పత్తి విత్తన చేలకు వెళ్లాలి. మన దేశంలో హైబ్రిడ్ పత్తి 1970లో మొదలైంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక రకం పువ్వుకు ఇంకో రకం పుప్పొడి తప్ప ఏదీ తగలకూడదు. అందుకని సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ఎంచి, గోటితో రేకులూ కేసరాలూ ఒలిచేస్తారు. కీలం చిట్లకూడదు. పొద్దున్నే మగ రకం పువ్వు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దుతారు. దీన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. ప్రతి మొగ్గకూ రెండుసార్లు చెయ్యి తగలాలి, నెలల తరబడి రోజూ. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. మొక్క ఎత్తుకు సరిపోతారని బడి మాన్పించి పిల్లలను దించిన చరిత్ర కూడా ఆ చేలకు ఉంది, అది తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

దీనికి ఎదురుగా పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కందిలో వేరే దారి పట్టింది. పుప్పొడి కట్టని ఆడ వరసలను తయారు చేసి, పక్కన మగ వరసలు వేసి, మిగతాది తేనెటీగలకు వదిలేశారు. 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైన పుష్కల్ అనే హైబ్రిడ్ అలా వచ్చిందే. ఆ ఆడ వరసల్లో పండిన ప్రతి గింజా ఎవరో రెక్కలున్నవాళ్లు వాలితేనే పండింది. వాళ్లలో ఒకటి ఆకులు కత్తిరించే తేనెటీగ. గులాబీ ఆకుల అంచున కత్తెరతో తీసినట్టు గుండ్రటి చంద్రవంకలు కనిపిస్తే అది దాని పనే. ఆ ముక్కలతో గూట్లో పిల్లలకు పొత్తిళ్లు కడుతుంది. చీడ అనుకుని మందు కొట్టకండి.

పొద్దుతిరుగుడు వేసేవాళ్లకు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే సలహా ఒకటి మీరు వినే ఉంటారు: పూత దశలో రోజు విడిచి రోజు, ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య పువ్వు మీద పల్చటి గుడ్డతో మెత్తగా రుద్దమని. తాలు తగ్గుతుంది, నిజమే. ఆ గుడ్డ తేనెటీగకు బదులు. అవి నిండుగా తిరిగే పొలంలో ఆ సలహాతో పనే పడదు.

మందు వేళ

అన్నిటికీ తేనెపెట్టెలే మందన్నట్టు ఈమధ్య మాట్లాడుతున్నారు. పొద్దుతిరుగుడుకు, నువ్వులకు, ఉల్లి విత్తనానికి పెట్టెలు మేలే చేస్తాయి. వంగకు చేయవు. సొరకు రాత్రిపూట అవి రావు. పైగా మన పెట్టెల్లో ఎక్కువగా ఉండేది 1960లలో తెచ్చుకున్న యూరప్ జాతి. మన పుట్ట తేనెటీగను 1990ల మొదట్లో దక్షిణాదిన వైరస్ జబ్బు ఊడ్చేసింది. ఒకే జాతి మీద భారమంతా వేస్తే ఒక్క జబ్బు చాలు.

విత్తనానికి పట్టించి వచ్చే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్కతో పాటే పెరిగి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి. అందుకే ఐరోపా సంఘం 2018లో ఆ కోవలోని మూడు మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. మన దగ్గర మందు పూర్తిగా మానడం అందరివల్లా కాదని నాకు తెలుసు. వేళ మార్చడం మాత్రం చేతిలో పనే. చాలా పంటల మీద తేనెటీగల రద్దీ ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ఉంటుంది. అందుకే సాయంత్రం కొట్టమంటారు. కానీ అదే సలహా బీరకు, సొరకు పనికిరాదు. వాటి పూలు విచ్చుకునేదే సాయంత్రం. వాటికి పొద్దెక్కి, రాత్రి పూసినవి వాడిపోయాక కొట్టాలి. పక్క మడిలో దోస పూసి ఉంటే మళ్లీ లెక్క మారుతుంది. పంపు ఎత్తేముందు పది నిమిషాలు చేలో నిలబడి, ఏ పువ్వు ఎప్పుడు విప్పుతోందో, దాని మీద ఎవరు వాలుతున్నారో చూస్తే తప్ప ఇది తేలదు.

మా పెరట్లో అమ్మ ఈ ఏడు కూడా సొర పెట్టింది. వీధి లైటు తీయించడం మా వల్ల కాలేదు. పందిరికి ఆ పక్కన రెండు వెదురు గడలు పాతి, పాత గోనెపట్టా అడ్డం కట్టించింది. పూత మొదలైన నాలుగో రాత్రి పిలిస్తే వెళ్లాను. బూడిదరంగు చిమ్మట ఒకటి, నా వేలంత పొడుగు, పువ్వు మీద వాలకుండానే గాల్లో నిలబడి లోపలికి గొట్టం చాపింది. రెక్కల గాలికి రేకులు అదురుతున్నాయి. పోతు పువ్వు నుంచి పెంటి పువ్వు మీదికి పోయింది, అక్కడ ఇంకాసేపు నిలబడింది, చీకట్లోకి వెళ్లిపోయింది. ఆ పువ్వుకు అమ్మ దారం కట్టలేదు. రెండు వారాలకు కాయ కోశాం.